అంటురోగాల మధ్య డ్యూటీ చేసేవాళ్లని జనం దూరం పెడుతుంటే ఏం చేయాలి, ఏం మాట్లాడాలి

ఐసొలేషన్ వార్డులో నర్సు, కళ్లె శాంపిల్స్ చూసే ల్యాబ్ టెక్నీషియన్, అంబులెన్స్ డ్రైవరు, మార్చురీలో పని చేసేవాళ్లు, ఆస్పత్రి చెత్త ఎత్తేవాళ్లు, డ్రైనేజీలో దిగేవాళ్లు, పశువుల డాక్టర్లు... వీళ్లందరికీ డ్యూటీలో ఒక రిస్క్, డ్యూటీ దిగాక ఇంకో రిస్క్. మొదటి దానికి గ్లోవ్స్ ఉన్నాయి, మాస్క్ ఉంది, టీకా ఉంది. రెండో దానికి ఏమీ ఇవ్వరు. లిఫ్ట్‌లో మనం ఎక్కగానే దిగిపోయేవాళ్లు, "మీ బాబుని కొన్నాళ్లు మా ఇంటికి పంపకండి" అనేవాళ్లు, ఇల్లు ఖాళీ చేయమనే ఓనరు, ఆఖరికి పక్క డిపార్ట్‌మెంట్‌లో పని చేసే మనవాళ్లే మన గ్లాసు పక్కకి జరపడం. దీన్ని ఎలా హ్యాండిల్ చేయాలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు కాబట్టి నాకు తెలిసినంత ఇక్కడ రాస్తున్నా. పని చేసేవాళ్ల కోసమే ఎక్కువ రాశా, మధ్యలో ఇంట్లోవాళ్లకి, పై ఆఫీసర్లకి పనికొచ్చేవి కూడా ఉంటాయి.

ఒకటి ముందే చెప్తా, ఇది మీ ఒక్కరికే జరుగుతున్నది కాదు, మీ ప్రవర్తనలో ఏదో లోపం ఉండి జరుగుతున్నది అసలే కాదు. 2003లో సార్స్ అనే ఊపిరితిత్తుల అంటురోగం వచ్చినప్పుడు ప్రపంచం మొత్తం మీద 8,098 కేసులు లెక్క తేలితే అందులో 1,707 మంది ఆస్పత్రుల్లో పని చేసేవాళ్లే, అంటే ఐదుగురిలో ఒకరు, అయినా టొరంటోలో, సింగపూర్‌లో, హాంకాంగ్‌లో ఆ నర్సులనే జనం తప్పించుకు తిరిగారు. 2014లో పశ్చిమాఫ్రికాలో ఎబోలాతో చనిపోయినవాళ్లని ఖననం చేసిన కుర్రాళ్లని సొంత కుటుంబాలే ఇంట్లోకి రానివ్వలేదు. 2018లో కేరళలో నిఫా వచ్చినప్పుడు పేషెంట్లని చూసుకున్న నర్సులు బస్సులో కూర్చుంటే పక్క సీటు ఖాళీ అయిపోయేదని వార్తలు వచ్చాయి. 2020లో కోవిడ్ మొదటి ఆరు నెలల్లో అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ 40కి పైగా దేశాల్లో వైద్య సిబ్బంది మీద 600కి పైగా దాడులు, వేధింపుల ఘటనలు నమోదు చేసింది, అదీ బాల్కనీల్లో చప్పట్లు కొట్టిన అదే రోజుల్లో. చప్పట్లు కొట్టిన చెయ్యే తలుపు వేస్తుంది, రెండూ ఒకే భయంలోంచి వస్తాయి కాబట్టి చప్పట్లు చూసి మురిసిపోవద్దు, తలుపు వేశారని కుమిలిపోవద్దు.

ముందు మూడు ముక్కలు విడదీసి పెట్టుకోండి

ఎక్స్‌పోజ్ అవడం, అంటే క్రిమి ఉన్న చోట మసలడం ఒకటి, ఇన్ఫెక్షన్ తగలడం ఒకటి, మనం ఇంకొకరికి అంటించే స్థితిలో ఉండటం ఇంకొకటి. దూరం పెట్టేవాళ్లు చేసే పొరపాటు ఏంటంటే ఈ మూడింటినీ కలిపి ఒకే ముద్ద చేసేస్తారు, "ఆ వార్డులో చేస్తుంది అంటే రోగం ఉన్నట్టే, రోగం ఉంది అంటే నాకూ వచ్చినట్టే". మీరు చేయాల్సింది ఆ ముద్దని విడదీయడం, ముందు మీ మనసులో, తర్వాత ఎదుటివాళ్ల ముందు. మీరు పని చేసే చోట ఏ రోగం ఉందో ఆ రోగానికి ఈ మూడూ ఎప్పుడు ఎలా అవుతాయో మీకు నోటికి రావాలి, లేకపోతే ఎదుటివాళ్లు ఒక ప్రశ్న అడగ్గానే మనం "ఏం కాదులే" అంటాం, ఆ "ఏం కాదులే"తోనే వాళ్ల అనుమానం డబుల్ అవుతుంది.

టీబీ తీసుకోండి. అది గాలిలో వస్తుంది, ఊపిరితిత్తుల టీబీ ఉన్న మనిషి దగ్గినప్పుడు, మాట్లాడినప్పుడు బయటికొచ్చే సన్నటి తుంపర్లు పీలిస్తే వస్తుంది. ప్లేట్ల వల్ల రాదు, బట్టల వల్ల రాదు, షేక్‌హ్యాండ్ ఇస్తే రాదు. క్రిమి ఒంట్లోకి వెళ్లినా చాలామందిలో అది నిద్రపోతూ ఉండిపోతుంది, దాన్నే లేటెంట్ టీబీ అంటారు, అలాంటివాళ్లు ఎవరికీ అంటించరు, వాళ్లలో జీవితం మొత్తం మీద జబ్బు పడేది 5 నుంచి 10 శాతం మందే. జబ్బు పడినా సరైన మందులు మొదలుపెట్టాక అంటించే గుణం త్వరగా పడిపోతుంది, మందులకి లొంగే టీబీ అయితే డాక్టర్లు మామూలుగా రెండు వారాల లెక్క చెప్తారు. చూశారా, "టీబీ వార్డులో పని చేస్తాడు" అనే దానికీ "పక్కింటి పాపకి టీబీ వస్తుంది" అనే దానికీ మధ్యలో ఎన్ని మెట్లు ఉన్నాయో.

ఎబోలాకి లెక్క వేరు, లక్షణాలు మొదలవ్వనంత వరకు ఆ మనిషి ఎవరికీ అంటించడు, ఎక్స్‌పోజ్ అయ్యాక ఎక్కువలో ఎక్కువ 21 రోజులు చూస్తారు, ఆ గడువు దాటాక కూడా దూరం పెడితే అది జాగ్రత్త అనిపించుకోదు. కోవిడ్ దీనికి పూర్తిగా ఉల్టా, లక్షణాలు కనపడకముందే అంటుతుంది, అందుకే అప్పుడు జనం భయంలో కొంత న్యాయం ఉందని ఒప్పుకోవాలి, ఒప్పుకుంటేనే మన మాట వింటారు.

హెచ్‌ఐవీ అయితే పక్కన కూర్చుంటే రాదు, కలిసి తింటే రాదు, ఒకే బాత్రూమ్ వాడితే రాదు. డ్యూటీలో హెచ్‌ఐవీ ఉన్న రక్తం అంటిన సూది గుచ్చుకున్నా వచ్చే ఛాన్స్ దాదాపు 0.3 శాతం, అంటే 300 సార్లు గుచ్చుకుంటే ఒకసారి, అదీ పెప్ మందులు (సూది గుచ్చుకున్నాక వైరస్ ఒంట్లో పట్టకుండా వెంటనే మొదలుపెట్టేవి) వాడకపోతే. హెపటైటిస్ బి దానికన్నా చాలా మొండిది, టీకా వేసుకోనివాళ్లకి సూది ద్వారా వచ్చే రిస్క్ 6 నుంచి 30 శాతం దాకా ఉంటుంది, ఎండిన రక్తపు మరకలో కూడా ఆ వైరస్ వారం రోజులు బతుకుతుంది, కానీ దానికి మంచి టీకా ఉంది. విచిత్రం ఏంటంటే జనం భయపడేది హెచ్‌ఐవీ అనే పేరుకి, టీకా వేసుకోకుండా తిరిగేది హెపటైటిస్ బి ముందు.

ఇక డ్రైనేజీలో, వరద నీళ్లలో పని చేసేవాళ్లకి వచ్చే లెప్టోస్పైరోసిస్, పశువులతో పని చేసేవాళ్లకి వచ్చే బ్రూసెల్లోసిస్ లాంటివి ఉన్నాయి. మొదటిది ఎలుకల, ఇతర జంతువుల మూత్రం కలిసిన నీళ్ల నుంచి, రెండోది పశువుల నుంచి, కాచని పాల నుంచి వస్తుంది. మనిషి నుంచి మనిషికి పాకడం ఈ రెండిట్లోనూ చాలా అరుదు. అంటే ఆ పని చేసేవాళ్లని దూరం పెట్టడం వల్ల దూరం పెట్టినవాళ్లకి ఒరిగేది సున్నా.

మీ రోగం గురించి ఇలా నాలుగైదు వాక్యాలు ఒక కాగితం మీద రాసుకోండి: ఎలా వస్తుంది, ఎలా రాదు, నాకు వస్తే ఎన్ని రోజుల్లో తెలుస్తుంది, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు అంటిస్తాను, దానికి టీకా గానీ మందు గానీ ఉందా. మీ ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సుకో డాక్టరుకో చూపించి కరెక్ట్ చేయించుకోండి. ఇక మీదట ఎవరితో మాట్లాడినా ఈ కాగితమే ఆధారం.

ఇంట్లోవాళ్లతో

బయటివాళ్ల కన్నా ముందు ఇంట్లోవాళ్లతో మాట్లాడండి, ఎందుకంటే మీ అత్తగారో అన్నయ్యో భయంతో పక్కింటి వాళ్ల దగ్గర ఒక మాట జారితే అది తిరిగి తిరిగి మీ ఓనరు దగ్గరికి వెళ్తుంది. విషయం దాచి తర్వాత బయటపడటం అన్నిటికన్నా చెడ్డది.

మాట్లాడేటప్పుడు "నాకేం రాదు, ఊరికే భయపడకండి" అనకండి. అది అబద్ధం, వాళ్లకీ తెలుసు. పైగా రేపు మీకు జ్వరం వస్తే మీ మాటకి విలువ పోతుంది. దాని బదులు ఇలా చెప్పి చూడండి: "అమ్మా, వచ్చే అవకాశం కొంచెం ఉంది, కాదనను. కానీ ఎలా వస్తుందో నాకు తెలుసు, అక్కడ ఫలానా మాస్క్ పెట్టుకుంటున్నా, టీకా అయిపోయింది, ఈ లక్షణం కనపడితే ఆ రోజే టెస్ట్ చేయించుకుని నేనే వేరే గదిలో ఉంటా, నువ్వు అడగక్కర్లేదు." ఈ చివరి మాట చాలా పని చేస్తుంది. ఇంట్లోవాళ్ల అసలు భయం రోగం మీద సగమే, మిగతా సగం "వీడు మాకు చెప్పడేమో" అని.

తర్వాత ఇంటికొచ్చాక ఏం చేస్తారో ఒక వరస పెట్టుకోండి, యూనిఫామ్ పని దగ్గరే మార్చుకుని రావడం, చేతులు కడుక్కోవడం, అవసరమైతే స్నానం, ఫోను తుడవడం, అంతే. ఇక్కడ నాకు గట్టి అభిప్రాయం ఒకటి ఉంది, మీ రోగానికి ఎంత అవసరమో అంతే చేయండి, అంతకు మించి డ్రామా వద్దు. రక్తం ద్వారా మాత్రమే వచ్చే రోగానికి మీరు పిల్లల్ని పది అడుగుల దూరంలో నిలబెట్టి, ప్లేటు వేరు, దుప్పటి వేరు అని మొదలుపెడితే, మీ ఇల్లు నేర్చుకునేది జాగ్రత్త కాదు, "నాన్న ప్రమాదం" అని. రోజూ గుమ్మం దగ్గర స్ప్రే కొట్టుకునే మనిషిని చూసి ఎదురింటివాళ్లు ఏమనుకుంటారు మరి? ఒకసారి వేరు ప్లేటు మొదలైతే దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు, రోగం భయం పోయినా ప్లేటు మాత్రం వేరుగానే ఉండిపోతుంది.

అలా అని గాలిలో పాకే కొత్త రోగం వచ్చిన రోజుల్లో ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే కొన్నాళ్లు నిజంగానే వేరుగా పడుకోవాల్సి రావచ్చు. అప్పుడు ఎన్నాళ్లో ఒక తేదీ చెప్పండి. "కొన్నాళ్లు" అనే మాట వద్దు, తేదీ. ఆ తేదీ రాగానే మళ్లీ మామూలుగా కలిసి కూర్చోండి.

పిల్లలకి ఒకే ఒక్క వాక్యం నేర్పండి, క్లాసులో ఎవరైనా అంటే చెప్పడానికి. "మా అమ్మ జబ్బు పడినవాళ్లని చూసుకుంటుంది, మా అమ్మకి జబ్బు లేదు." ఇంతకన్నా ఎక్కువ వాళ్ల నెత్తిన పెట్టొద్దు, పిల్లల చేత సైన్స్ లెక్చర్ ఇప్పించక్కర్లేదు. స్కూల్ నుంచి ఎవరైనా "బాబుని కొన్ని రోజులు ఇంట్లో ఉంచండి" అంటే గొడవ పడకుండా, ఏ రూల్ ప్రకారం, ఏ తేదీ వరకు అనేది మెయిల్‌లో గానీ లెటర్‌లో గానీ రాసి ఇవ్వమని మర్యాదగా అడగండి. నోటితో సులువుగా అనే మాట రాతలో పెట్టాలంటే చాలామంది వెనక్కి తగ్గుతారు.

ఇంటి ఓనరు, అపార్ట్‌మెంట్ వాళ్లు

వీళ్లలో రెండు రకాలు ఉంటారు, కనిపెట్టడం పెద్ద కష్టం కాదు. మొదటి రకం ప్రశ్న అడిగి జవాబు వింటారు, ఇంకో ప్రశ్న అడుగుతారు, వాళ్లది నిజమైన భయం, టైమ్ ఇచ్చి మాట్లాడండి. రెండో రకం జవాబు వినరు, ఒక ప్రశ్నకి సమాధానం చెప్తే ఇంకో షరతు పెడతారు, వాళ్లకి కావాల్సింది మీరు వెళ్లిపోవడం, రోగం ఒక వంక, అద్దె పెంచి ఇంకొకరికి ఇవ్వడానికో పాత పగ తీర్చుకోవడానికో దొరికిన ఛాన్స్. వీళ్లకి సైన్స్ చెప్పి గొంతు నొప్పి తెచ్చుకోవద్దు, వీళ్లతో మాట్లాడాల్సింది రాతలో.

మొదటి రకం ఓనరుతో ఇలా మొదలుపెట్టొచ్చు: "అంకుల్, మీరు నేరుగా అడిగినందుకు మంచిదైంది. నేను టీబీ వార్డులో చేస్తున్న మాట నిజమే. అక్కడ ఎన్95 మాస్క్ వేసుకుంటాం, మాకు చెకప్‌లు ఉంటాయి. ఈ జబ్బు మెట్ల రెయిలింగ్ ముట్టుకుంటే వచ్చేది కాదు, గాలి ఆడని గదిలో జబ్బు ఉన్న మనిషితో ఎక్కువసేపు గడిపితే వచ్చేది. నాకు ఎప్పుడైనా దగ్గు పట్టుకుని వదలకపోతే మీకన్నా ముందు నేనే టెస్ట్‌కి వెళ్తా. ఆంటీకి ఏమైనా డౌట్స్ ఉంటే నన్నే అడగమనండి." ఇందులో బతిమాలడం లేదు, క్షమాపణ లేదు, గమనించండి. "సారీ అంకుల్, నా వల్ల మీకు ఇబ్బంది" అని మొదలుపెట్టారంటే తప్పు మీదే అని మీరే సంతకం పెట్టినట్టు.

ఇంకొకటి, టెస్ట్ రిపోర్ట్ చూపించమంటే చూపించొద్దు. చాలామంది "నెగెటివే కదా, చూపిస్తే నోరు మూసుకుంటారు" అనుకుని వాట్సాప్‌లో పెట్టేస్తారు, ఆ నెల గడుస్తుంది, పై నెల మళ్లీ అడుగుతారు, ఆ తర్వాత మీ భర్తది అడుగుతారు, ఒక నెల ఇవ్వకపోతే "అంటే పాజిటివ్ అన్నమాట" అని తేల్చేస్తారు. మీరు ఏ పని చేస్తారో చెప్పడం వేరు, మీ ఒంట్లో ఏముందో చెప్పడం వేరు, రెండోది మీకూ మీ డాక్టరుకూ మధ్య విషయం. మరీ అవసరమైతే మీ ఆస్పత్రి లెటర్‌హెడ్ మీద ఒక సాధారణ లెటర్ తెచ్చుకోండి, ఇక్కడ పని చేసే సిబ్బంది ఇన్ఫెక్షన్ కంట్రోల్ నియమాలు పాటిస్తారు, వాళ్లు ఇళ్లలో ఉండటానికి, కామన్ ఏరియాలు వాడటానికి ఎలాంటి ఆంక్షలూ లేవు అని. అందులో మీ టెస్టుల గురించి ఒక్క ముక్క కూడా ఉండకూడదు.

అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో మీ గురించి చర్చ మొదలైతే వరసగా యాభై మెసేజ్‌లకి జవాబు ఇస్తూ కూర్చోవద్దు. అక్కడ ఎవరూ ఎవరి మాటా వినరు, చూసేవాళ్ల కోసం మాట్లాడుతుంటారు. ఒక్కటే మెసేజ్ పెట్టండి, నేను ఫలానా చోట పని చేస్తా, మా ఆస్పత్రి నియమాల ప్రకారం నాకు ఏ ఆంక్షా లేదు, ప్రశ్నలుంటే సాయంత్రం ఇంట్లోనే ఉంటా, రండి మాట్లాడుకుందాం అని. తర్వాత గ్రూప్‌లో మిగతావాళ్లు ఎవరి మాట వింటారో ఆ మనిషి, రిటైర్డ్ మాస్టారో సెక్రటరీనో, వాళ్ల దగ్గరికి నేరుగా వెళ్లండి. ఒక్కరు మీ పక్కన మాట్లాడితే చాలు, మిగతా సగం మంది చల్లబడతారు, ఎందుకంటే వాళ్లకి సొంత అభిప్రాయం అంటూ లేదు. స్క్రీన్‌షాట్లు మాత్రం తీసి పెట్టుకోండి, డిలీట్ చేసే లోపే.

సూది గుచ్చుకున్న రోజు

ఇది కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే చిన్నచూపు వల్ల నిజంగా ప్రాణం మీదకి వచ్చేది ఇక్కడే. బయటివాళ్ల చూపు మనసుని బాధపెడుతుంది, సొంత స్టాఫ్ రూమ్‌లో గుసగుసలు మాత్రం మనిషి చేత రిపోర్ట్ చేయనీయవు. సూది గుచ్చుకున్న అమ్మాయి చెయ్యి కడుక్కుని, ప్లాస్టర్ వేసుకుని, ఎవరికీ చెప్పకుండా డ్యూటీ పూర్తి చేసేస్తుంది, కారణం రోగం భయం కాదు, "ఫలానా అమ్మాయి పెప్ వాడుతోందంట" అనే మాట భయం. స్టాఫ్ రూమ్‌లో ఏం జరుగుతుందో చూసినవాళ్లకి తెలుసు, ఎవరూ ఏమీ అనరు, టీ టైమ్‌కి అందరి గ్లాసులూ ట్రేలో ఉంటాయి, ఆమెది ఒక్కటి కిటికీ పక్కకి వెళ్లి ఉంటుంది, పైన చిన్న టేప్ ముక్క మీద పేరు రాసి. ఎవరు జరిపారంటే ఎవరూ చెప్పరు.

చేయాల్సింది ఇది. వెంటనే సబ్బు, పారే నీళ్లతో కడగండి, కంట్లో పడితే నీళ్లతో బాగా కడగండి. పిండొద్దు, బ్లీచ్ లాంటివి పొయ్యొద్దు. అప్పుడే ఇన్‌ఛార్జికి చెప్పి ఇన్సిడెంట్ రిపోర్ట్ రాయించండి, షిఫ్ట్ అయ్యాక కాదు. హెచ్‌ఐవీకి పెప్ ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, గంటల్లోనే మొదలవ్వాలి, 72 గంటలు దాటితే ఇక పని చేయదనే లెక్క, మొదలుపెడితే 28 రోజులు ఆపకుండా వాడాలి. హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ పడ్డాయా, తర్వాత యాంటీబాడీ లెవెల్ చూశారా అనేది కూడా అప్పుడే చూస్తారు. గుచ్చుకున్న రోజే ఒక రక్తపరీక్ష చేయించుకోవడం చాలా ముఖ్యం, అది మీ ఆరోగ్యానికే కాదు, రేపు ఏదైనా తేలితే అది డ్యూటీలోనే వచ్చింది, అంతకుముందు లేదు అని నిరూపించే కాగితం అదే. రిపోర్ట్ రాయించనివాళ్లు నష్టపోయేది ఇక్కడే, పరిహారం అడగడానికి చేతిలో ఏమీ ఉండదు.

ఎవరికి తెలియాలి అనేది కూడా అదే రోజు తేల్చండి. "సార్, ఈ విషయం మీకు, ఇన్ఫెక్షన్ కంట్రోల్ డాక్టరుకి, ఫార్మసీలో మందు ఇచ్చే ఒక్కరికి తప్ప ఇంకెవరికీ తెలియకూడదు, రిజిస్టర్‌లో నా పేరు ఎవరు చూడగలరో చెప్పండి" అని నేరుగా అడగండి, ఇది పొగరు కాదు, మీ హక్కు. ఫాలోఅప్ టెస్టులు పూర్తయ్యే దాకా భార్య లేదా భర్తతో కండోమ్ వాడాలి, రక్తదానం చేయకూడదు, అంతకు మించి ఇంట్లో ఏ మార్పూ అక్కర్లేదు, పిల్లల్ని ఎత్తుకోవచ్చు, వంట చేయొచ్చు, డ్యూటీ చేయొచ్చు.

మీరు ఆ స్టాఫ్ రూమ్‌లో మిగతావాళ్లలో ఒకరైతే, చేయాల్సింది చాలా చిన్న పని, కిటికీ పక్కన ఉన్న ఆ గ్లాసు తెచ్చి ట్రేలో పెట్టండి, టేప్ పీకేయండి, ఆమెకి టీ పోసి ఇవ్వండి, మీటింగ్ పెట్టి స్పీచ్ ఇవ్వక్కర్లేదు.

మాటలతో తేలనప్పుడు

ఇల్లు ఖాళీ చేయమన్నారు, నీళ్లు ఆపేశారు, బస్సు ఎక్కనివ్వలేదు, తిట్టారు, చెయ్యి చేసుకున్నారు, ఉద్యోగం లోంచి తీసేస్తామన్నారు, ఇలాంటివి జరిగితే అది ఇక భయం కేసు కాదు, కంప్లైంట్ కేసు. అదే రోజు రాసి పెట్టుకోండి, తేదీ, టైమ్, ఎవరు, ఏ మాట అన్నారు, ఎవరు విన్నారు. వాళ్ల మాటని వాళ్లు అన్నట్టే రాయండి, "అవమానించారు" అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు, "మెట్లు ఎక్కితే కాళ్లు విరగ్గొడతాం అన్నారు" అని రాస్తే అర్థమవుతుంది. తర్వాత ముందు మీ సంస్థకి రాతపూర్వకంగా ఇవ్వండి, ఎందుకంటే డ్యూటీ వల్ల వచ్చిన సమస్య కాబట్టి వాళ్లకీ బాధ్యత ఉంది, ఆస్పత్రి సూపరింటెండెంట్ దగ్గర నుంచి ఒక ఫోన్ వెళ్తే దిగొచ్చే ఓనర్లు చాలామంది. యూనియనో అసోసియేషనో ఉంటే ఒక కాపీ వాళ్లకి. దెబ్బలు, బెదిరింపులు ఉంటే నేరుగా పోలీసులకే.

చట్టాలు దేశాన్ని బట్టి మారతాయి, మీ దగ్గర ఏముందో తెలుసుకోండి. ఉదాహరణకి ఇండియాలో 2020లో అంటువ్యాధుల చట్టాన్ని సవరించి, ఎపిడెమిక్ సమయంలో వైద్య సిబ్బంది మీద దాడికి 3 నెలల నుంచి 5 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల వరకు జరిమానా పెట్టారు, తీవ్రంగా గాయపరిస్తే 7 ఏళ్ల వరకు. అందులో హింస అంటే కొట్టడం ఒక్కటే కాదు, వాళ్ల నివాసానికి, పనికి అడ్డుపడేలా వేధించడం కూడా లెక్కలోకి వస్తుంది. అక్కడే 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం, హెచ్‌ఐవీ ఉందని ఉద్యోగంలో గానీ అద్దె ఇంటి విషయంలో గానీ వివక్ష చూపించడాన్ని నిషేధించింది, రిస్క్ ఉన్న పనుల్లో ఉన్నవాళ్లకి రక్షణ సామగ్రి, పెప్ ఇవ్వాల్సిన బాధ్యత సంస్థ మీద పెట్టింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో హెచ్‌ఐవీ గురించి ఒక సిఫార్సు చేసింది, 2025లో పని ప్రదేశంలో క్రిముల వల్ల వచ్చే ప్రమాదాల మీద ఏకంగా ఒక ఒప్పందమే ఆమోదించింది. ఇవన్నీ కంఠతా పట్టక్కర్లేదు, మీ దరఖాస్తులో ఒక చట్టం పేరు ఉంటే దాన్ని చదివే ఆఫీసరు కుర్చీలో కొంచెం సర్దుకుని కూర్చుంటాడు, అందుకోసం.

సైన్స్ చెప్పినా కదలని చోటు

శవాలు, మలం, చెత్త, చర్మం ముట్టుకునే పనుల మీద చాలా సమాజాల్లో రోగం భయం రాకముందు నుంచే చిన్నచూపు ఉంది, పుట్టుకకి ముడిపెట్టిన చిన్నచూపు. అక్కడ రోగం అనేది పాత వివక్షకి దొరికిన కొత్త సాకు. డ్రైనేజీ పని చేసే అతనికి గ్లాసు వేరుగా పెట్టినవాడికి లెప్టోస్పైరోసిస్ ఎలా వస్తుందో వివరించి లాభం లేదు, వాడు రోగం పేరు వినకముందే వేరుగా పెట్టాడు. ఇలాంటి చోట "మాకు రోగం లేదు" అని నిరూపించుకునే పనిలో పడకండి, అది ఎప్పటికీ తెగదు. పైగా ఇక్కడ చాలామంది కాంట్రాక్ట్ మీద పని చేసేవాళ్లు, వాళ్లకి హెచ్‌ఆర్ ఉండదు, సూపరింటెండెంట్ ఫోన్ ఉండదు, కాంట్రాక్టర్‌కి ఎదురు మాట్లాడితే రేపటి నుంచి పని ఉండదు. ఒక్కరే కంప్లైంట్ ఇవ్వకండి, పది మంది సంతకాలతో ఇవ్వండి, అదీ కాంట్రాక్టర్‌కి కాదు, ఆ కాంట్రాక్ట్ ఇచ్చిన ఆఫీసుకి. అడగాల్సినవి ఏంటంటే బూట్లు, మందపాటి గ్లోవ్స్, హెపటైటిస్ బి, టెటనస్ టీకాలు, పని దగ్గరే స్నానానికి, బట్టలు మార్చుకోవడానికి ఒక గది. ఈ ఆఖరిది చిన్నదిగా కనపడుతుంది గానీ, పని బట్టలతో బస్సు ఎక్కాల్సిన అవసరం లేకపోతే దారిలో పడే సగం మాటలు తప్పుతాయి.

ఇన్‌ఛార్జిలకి, ఆఫీసర్లకి నాలుగు మాటలు

రిస్క్ ఉన్న డ్యూటీ ఎప్పుడూ అదే ఇద్దరికి వెయ్యకండి, రొటేషన్ పెట్టండి. ఒకే మనిషిని వేస్తూ ఉంటే ఆ వార్డు పేరు ఆ మనిషి పేరుకి అతుక్కుపోతుంది. డ్యూటీ చార్ట్ మీద రోగాల పేర్లు రాసి గోడకి అంటించకండి. క్వారంటైన్‌లో ఉన్న రోజులకి జీతం కోయకండి, కోస్తే లక్షణాలు దాచుకుని డ్యూటీకి వస్తారు, అప్పుడు నిజంగానే అందరికీ అంటుతుంది. స్టాఫ్‌కి ట్రైనింగ్ పెట్టినప్పుడు క్లర్కుల్ని, సెక్యూరిటీని, క్యాంటీన్ వాళ్లని కూడా కూర్చోబెట్టండి, క్లినికల్ స్టాఫ్ కన్నా వాళ్లకే తక్కువ తెలుస్తుంది, పుకార్లు ఎక్కువగా బయల్దేరేదీ అక్కడి నుంచే.

మీ లోపల మొదలయ్యేది

కొన్నాళ్లు ఇలా గడిచాక బయటివాళ్లు ఏమీ అనకపోయినా మనమే తప్పుకోవడం మొదలుపెడతాం, ఫంక్షన్‌కి వెళ్లం, పిల్లల్ని ముద్దు పెట్టుకోం, ఎవరైనా "ఏం చేస్తారు" అంటే "ఆస్పత్రిలో ఆఫీస్ పని" అంటాం. చేతులు ఒకటికి పదిసార్లు కడుగుతున్నా ఇంకా మురికిగా అనిపిస్తుంటే, నిద్ర పట్టకపోతుంటే, డ్యూటీకి బయల్దేరాలంటే గుండె దడ వస్తుంటే, అది బలహీనత అనుకుని లోపల పెట్టుకోవద్దు, కౌన్సెలర్‌తోనో సైకియాట్రిస్ట్‌తోనో మాట్లాడండి. అదే వార్డులో పని చేసిన సీనియర్‌తో మాట్లాడటం కూడా చాలా పని చేస్తుంది, వాళ్లకి మొదటి నుంచి చెప్పుకు రావాల్సిన పని ఉండదు. మీ వార్డులో అలాంటివాళ్లు నలుగురైదుగురు ఉంటే నెలకోసారి కూర్చోండి, అజెండా ఏమీ వద్దు.

నిజంగానే మీకు ఇన్ఫెక్షన్ వస్తే

వస్తుంది ఒక్కోసారి, ఎంత జాగ్రత్తగా ఉన్నా. అప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు "మేం ముందే చెప్పాం కదా" అంటారు, దానికి రెడీగా ఉండండి. ముందు మెడికల్ లీవ్ పెట్టండి, డ్యూటీలో వచ్చిన జబ్బుగా రికార్డు చేయించండి, ఇది చాలామంది మర్చిపోతారు, మామూలు సిక్ లీవ్ కింద పెట్టేస్తారు, తర్వాత పరిహారానికి తిరగాల్సి వస్తుంది. మీతో దగ్గరగా ఉన్నవాళ్లకి, టెస్ట్ అవసరమైనవాళ్లకి మీరే ఫోన్ చేసి చెప్పండి, వేరేవాళ్ల ద్వారా తెలియనివ్వొద్దు. "అన్నా, నాకు పాజిటివ్ వచ్చింది, మొన్న మనం కారులో కలిసి వచ్చాం కదా, నువ్వు కూడా ఒకసారి చూపించుకో" అంటే చాలు. అందరికీ చెప్పాల్సిన పని మాత్రం లేదు.

డిశ్చార్జ్ అప్పుడో మందులు మొదలుపెట్టిన కొన్నాళ్లకో డాక్టర్ దగ్గర ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకునేటప్పుడు, "ఫిట్ ఫర్ డ్యూటీ" అని మాత్రమే రాయించుకుంటే చాలు, రోగం పేరు అందులో ఉండక్కర్లేదు, ఉంటే తీసేసి మళ్లీ రాయమని అడగండి. ఏ తేదీ నుంచి ఇతరులకి అంటుకునే ప్రమాదం లేదో ఆ తేదీ డాక్టర్ చేత విడిగా ఇంకో కాగితం మీద రాయించుకుని మీ దగ్గర పెట్టుకోండి, అడిగిన ప్రతివాళ్లకీ ఇవ్వడానికి కాదు, ఎవరైనా డ్యూటీలోకి తీసుకోం అంటే అప్పుడు టేబుల్ మీద పెట్టడానికి.